ఇథియోపియా నుంచి వచ్చి మా దగ్గర చదివిన అబ్బాయి పెళ్లికి పిలిచాడు, వెళ్లాలనే ఉంది కానీ ఒక సంగతి అడ్డం పడుతోంది

హనుమకొండ బోటనీ టీచర్, 2024 డిసెంబర్

అందరికీ నమస్కారం. నేను హనుమకొండలో ఉంటాను, పీజీ పిల్లలకు బోటనీ చెప్పి రిటైరయ్యాను, వయసు 63. కొంచెం పెద్ద పోస్టు, ఓపికగా చదవండి.

2013లో బతుకమ్మకు కొద్ది రోజుల ముందు ఇథియోపియా అబ్బాయి ఒకతను మన ప్రభుత్వ స్కాలర్‌షిప్ మీద వచ్చి మా డిపార్ట్‌మెంట్‌లో ఎమ్మెస్సీలో చేరాడు. మిరప మీద ప్రాజెక్టు చేస్తానన్నాడు. వాళ్ల దేశంలో బెర్బెరె అని ఒక కారం ఉంటుందట, ఎండుమిర్చిలో వెల్లుల్లి, అల్లం, మెంతులు, యాలకులు ఇంకా ఏవేవో కలిపి దంచుతారు, అక్కడి కూరల్లో చాలావాటికి అది పడాల్సిందే. సీజన్లో ఒకసారి ఏనుమాముల మార్కెట్‌కు తీసుకెళ్లాను. యార్డు నిండా ఎర్రటి కుప్పలు, ఘాటుకు తుమ్ములు ఆగవు, కళ్ల నుంచి నీళ్లు కారుతున్నా ఆ పిల్లాడు కుప్పకుప్ప దగ్గరా ఆగి ఒక కాయ తుంచి వాసన చూశాడు. చపాటా కాయ కొరికి "ఇంత రంగుంది, కారం లేదేంటి మేడమ్" అన్నాడు. ఇప్పుడు ఆ చపాటాకు ఎంత పేరొచ్చినా నాకు గుర్తొచ్చేది ఆ ముఖమే.

మా ఇంటికి వారానికి రెండుసార్లయినా వచ్చేవాడు. మా అత్తమ్మకు తెలుగు తప్ప ఇంకో ముక్క రాదు, అతనికి అప్పటికి నాలుగు తెలుగు మాటలే వచ్చు, అయినా ఇద్దరూ వంటింట్లో కూర్చుని గంటసేపు మాట్లాడుకునేవాళ్లు. వాళ్ల ఇంజెర అనే పుల్లట్టు తినాలనిపిస్తోందని ఒకసారి అంటే, అత్తమ్మ జొన్నపిండి కలిపి రెండు రోజులు పులియబెట్టి పెనం మీద పోసి పెట్టింది. వాళ్ల టెఫ్ గింజ మనకు ఎక్కడ దొరుకుతుంది, అందుకని జొన్న. చిల్లులు చిల్లులుగా అట్టు లేచేసరికి ఆ అబ్బాయి పెనం దగ్గరే నిలబడి చూస్తూ ఉండిపోయాడు.

ఇప్పుడు అసలు సంగతి. రెండో ఏడాది అతని రూము ఓనరు చుట్టుపక్కలవాళ్లు ఏదో అంటున్నారని చెప్పి రెండు రోజుల్లో ఖాళీ చేయమన్నాడు. ఆ అబ్బాయి చేసిన తప్పేమీ లేదు, ఒంటి రంగు తప్ప. రెండు బ్యాగులు పట్టుకుని సాయంత్రం మా గేటు దగ్గరికి వచ్చి, వేరే గది దొరికేదాకా పైన ఉండనిస్తారా అని అడిగాడు. మా మేడ మీద గది ఖాళీగానే ఉంది, మా ఆయన పాత పుస్తకాలు తప్ప అందులో ఏమీ లేవు. నాకు వీధిలో వాళ్లు ఏమంటారో అన్న భయం పట్టుకుంది. ఆ మాట చెప్పలేక "మా అత్తమ్మ ఒప్పుకోదు నాయనా" అన్నాను. అత్తమ్మను అడగనే లేదు. అడిగితే చేయి పట్టుకుని లోపలికి తీసుకొచ్చేది. ఆ పిల్లాడు "పర్లేదు మేడమ్" అని వెళ్లిపోయి స్టేషన్ దగ్గర లాడ్జిలో 12 రోజులు ఉన్నాడు. రోజూ రాత్రి మా అబ్బాయితో టిఫిన్ డబ్బా పంపించాను, అప్పుడు వాడు టెన్త్. డబ్బా పంపినంత మాత్రాన ఏమైపోతుంది చెప్పండి.

2015లో చదువు అయిపోయి వెళ్లిపోయాడు. కొన్నాళ్లు మాటల్లేవు. 2018లో అత్తమ్మ పోయింది. 2021 జులైలో మన రామప్పకు యునెస్కో గుర్తింపు వచ్చినప్పుడు అతనే మెసేజ్ పెట్టాడు. డిపార్ట్‌మెంట్ ట్రిప్పులో రామప్పకు వెళ్లినప్పుడు, నీళ్లలో తేలే ఇటుకల గురించి గైడు చెబుతుంటే, మా లాలిబెలాలో ఒకే కొండను పైనుంచి కిందికి చెక్కి చర్చీలు చేశారు, అవీ ఇంచుమించు ఈ కాలానివే అని మాకందరికీ చెప్పాడు. అది గుర్తుపెట్టుకుని "ఇప్పుడు మీదీ మాదీ ఒకే లిస్టులో ఉన్నాయి మేడమ్" అని రాశాడు. అప్పటి నుంచి పండక్కీ పబ్బానికీ పలకరింపులు నడుస్తున్నాయి.

ఇప్పుడు పెళ్లి. అడిస్ అబాబాలో. నన్ను వాళ్ల పెద్దవాళ్ల వరసలో కూర్చోబెడతానంటున్నాడు. అత్తమ్మ పేరు మీద నేనాడిన అబద్ధం కడుపులో పెట్టుకుని ఆ వరసలో ఎలా కూర్చోవాలి? వెళ్లే ముందు చెప్పేయాలా, వెళ్లాక చెప్పాలా, అసలు చెప్పొద్దా? ఇంకోటి, కార్డు ఫొటో పంపాడు, దాని మీద 25-5-2017 అనీ 4 గంటలకనీ ఉంది. ఫోన్లో మాత్రం ఫిబ్రవరి అన్నాడు. అచ్చు తప్పా?

జిమ్మా మాస్టారు

మేడమ్, నమస్తే. మాది నర్సంపేట దగ్గర. ఇథియోపియాలో ఏడేళ్లు పాఠాలు చెప్పి వచ్చాను, ఎక్కువ కాలం జిమ్మాలో. ముందు కార్డు సంగతి. అచ్చు తప్పు కాదు. వాళ్ల క్యాలెండర్ మనకంటే ఏడెనిమిదేళ్లు వెనక నడుస్తుంది, ఏడాదికి 13 నెలలు, కొత్త సంవత్సరం సెప్టెంబర్‌లో వస్తుంది. అయిదో నెల పేరు టిర్. టిర్ 25, 2017 అంటే మన లెక్కలో 2025 ఫిబ్రవరి 2, ఆదివారం. టైము కూడా పొద్దు పొడిచిన దగ్గర్నుంచి లెక్కపెడతారు, మన పాతకాలం వాళ్లు పొద్దుతో గడియలు లెక్కపెట్టినట్టే. మన ఏడు గంటలు వాళ్లకు ఒకటి. కాబట్టి 4 గంటలంటే పొద్దున 10. నేను వెళ్లిన కొత్తలో రెండు గంటల మీటింగ్‌కు మధ్యాహ్నం తిని తీరిగ్గా వెళ్లాను, అది పొద్దున ఎనిమిదికే అయిపోయింది.

అక్కడ జనవరి 19న తిమ్కెత్ పండుగ అయిపోగానే పెళ్లిళ్లు మొదలవుతాయి, ఈస్టర్ ముందు పెద్ద ఉపవాసాలు వచ్చేదాకా జోరుగా సాగుతాయి. ఆ ఉపవాసాలు 55 రోజులు, ఆర్థడాక్స్ ఇళ్లలో అప్పుడు పెళ్లిళ్లు పెట్టుకోరు. మన మూఢం లాంటి పట్టింపు అనుకోండి.

తిండి సంగతి ముందే చెప్తున్నా. పెళ్లిలో మాంసం బాగా ఉంటుంది, పచ్చి మాంసం కూడా వడ్డిస్తారు, ఎక్కువగా ఎద్దుది. మీరు తినకపోతే "యెత్సోమ్" అని అడగండి, ఉపవాసం వంట అని. బుధ, శుక్రవారాలు వాళ్లు మాంసం, పాలు, గుడ్డు ఏవీ ముట్టరు కాబట్టి పప్పులు, శనగపిండి షిరో, క్యాబేజీ కూర అన్నీ వాళ్లకు చేతనైన వంటలే. ఎవరైనా ఇంజెరలో కూర చుట్టి మీ నోటికి అందిస్తే వద్దనొద్దు. దాన్ని గుర్షా అంటారు, ప్రేమకొద్దీ పెట్టే ముద్ద అది.

ఎల్లో ఫీవర్ టీకా మర్చిపోవద్దు. ఇథియోపియా నుంచి తిరిగొచ్చేటప్పుడు మన ఎయిర్‌పోర్టులో ఆ సర్టిఫికెట్ చూస్తారు, లేకపోతే క్వారంటైన్‌లో పెడతారు. ప్రయాణానికి కనీసం పది రోజుల ముందు వేయించుకోవాలి, హైదరాబాద్‌లో నారాయణగూడ ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో వేస్తారు. మీకు 60 దాటాయి కాబట్టి ముందు మీ డాక్టరుతో మాట్లాడండి, ఆ వయసులో ఈ టీకా ఆలోచించి వేయాల్సిందే. సాయంత్రాలకు స్వెటర్ పెట్టుకోండి, అడిస్ రెండు వేల మీటర్ల పైన ఉంటుంది, చలి బాగా ఉంటుంది.

మీరు అడిగిన అసలు ప్రశ్నకు నా దగ్గర సగం జవాబే ఉంది. ఆ దేశంలో టీచర్ అంటే, అందులో ఇండియా టీచర్ అంటే పాతతరం వాళ్లకు చాలా గౌరవం, వాళ్లలో చాలామందికి బడిలో లెక్కలూ సైన్సూ చెప్పింది మనవాళ్లే. పెళ్లిలో జంట పెద్దవాళ్ల మోకాళ్లకు ముద్దు పెట్టి దీవెన తీసుకుంటారు. మీ మోకాళ్లకూ పెడతాడు. అది తెలిసే వెళ్లండి. ఆ క్షణం దాకా చెప్పకుండా ఉండగలరా అన్నది మీరే చూసుకోవాలి.

జగిత్యాల టు జర్మనీ

మేడమ్, నేను మీ విద్యార్థి వైపు నుంచి మాట్లాడతాను. 2016లో చదువుకోవడానికి ఇక్కడికొచ్చాను. రూము కోసం ఎన్ని మెయిల్స్ పెట్టానో లెక్కలేదు, నా పేరు చూసి జవాబే ఇవ్వనివాళ్లు కొందరు, ఫోన్లో సరే అని తలుపు తీశాక ఇప్పుడే వేరేవాళ్లకు ఇచ్చేశామన్నవాళ్లు కొందరు. ఆ తలుపులన్నీ నాకు గుర్తే. ఆ చలిలో ఒక ముసలావిడ మెట్ల మీద కూర్చోబెట్టి సూప్ ఇచ్చింది, గది మాత్రం ఇవ్వలేదు. ఆమెకు ఇప్పటికీ క్రిస్మస్‌కు కార్డు పంపుతాను. గది ఇవ్వలేదనీ గుర్తుంది, సూప్ ఇచ్చిందనీ గుర్తుంది, ఒకటి రెండోదాన్ని చెరపలేదు.

నేను చెప్పేదేంటంటే, మీ అబ్బాయికి తెలియదని మీరు అనుకుంటున్నారు. పరాయి దేశంలో ఉన్నవాడికి ఎదుటివాళ్ల ముఖం చదవడం తప్ప వేరే పనేముంటుంది. చెప్పండి. కానీ ఏడవొద్దు, క్షమించమని అడగొద్దు. మీరు ఏడిస్తే మిమ్మల్ని ఓదార్చే పని అతని మీద పడుతుంది. జరిగింది జరిగినట్టు చెప్పి ఊరుకోండి.

కాజీపేట పద్మక్క

నేను ఒప్పుకోను తమ్ముడూ. పెళ్లికొడుకుకు ఆ నాలుగు రోజులు ఎన్ని టెన్షన్లుంటాయో మగపిల్లలకే తెలుసనుకోవద్దు, ఇద్దరు కొడుకుల పెళ్లి చేసినదాన్ని. ఈమె గుండె బరువు దించుకోవడానికి అతని పెళ్లి పందిరే దొరికిందా? చెప్పాలనుకుంటే ముందే ఫోన్లో చెప్పండి, లేదంటే పెళ్లయి ఇల్లు కుదుటపడ్డాక చెప్పండి.

టీచరమ్మా, కోపం చేసుకోకండి, ఒక మాట అంటాను. మీ అత్తగారు ఉన్నంతకాలం ఆమెకైనా చెప్పారా? ఆమె పేరు ఆ పిల్లాడి మనసులో చెడిపోయి ఉంటే, ముందు బాగుచేయాల్సింది అది. మీ మనసు తేలికపడటం తర్వాత.

వెళ్లడం మాత్రం వెళ్లండి. సంక్రాంతి సకినాలు ఎక్కువ చేసి రేకు డబ్బాలో పట్టుకెళ్లండి, బియ్యప్పిండి, నువ్వులు, వాము, నూనె తప్ప ఏమీ ఉండవు కాబట్టి వాళ్ల ఉపవాసం రోజుల్లో కూడా తినొచ్చు, నెల రోజులు పాడవవు. మన దగ్గర పెళ్లి సారెలో సకినాలు పెట్టనిదే సారె కాదు కదా. కానుకకు కొత్తవాడలో నేసిన దరీ తీసుకోండి. వరంగల్ దరీలకు 2018లో జీఐ (భౌగోళిక గుర్తింపు) కూడా వచ్చింది. కరీంనగర్ వెండి ఫిలిగ్రీ (వెండి తీగల పని) కూడా బాగుంటుంది, కానీ వెండి ఇంట్లో బీరువాలో పడుంటుంది, దరీ మీద రోజూ కూర్చుంటారు.

హనుమకొండ బోటనీ టీచర్

మాస్టారూ, నేను ఆ కార్డు చూసి మే నెల 25 అనుకున్నాను, 2017 చూసి కళ్లజోడు మార్చుకున్నాను. చాలా థాంక్స్. డాక్టరును అడిగాను, బీపీ అదుపులో ఉంది, వేయించుకోవచ్చన్నారు. మా ఆయనకు మోకాళ్ల నొప్పులు, రాలేరు. మా అబ్బాయి తోడు వస్తానన్నాడు, డబ్బాలు మోసినవాడు.

పద్మక్కా, మీరడిగింది నిజమే. అత్తమ్మకు చెప్పలేదు. "ఆ పిల్లగాడు వస్తలేడేంది" అని ఆమె రెండుమూడు సార్లు అడిగితే పరీక్షలున్నాయని చెప్పాను. నిజంగా పరీక్షలనే అనుకున్నాను నేను కూడా. ఫోన్లో చెబుదామని రెండుసార్లు మొదలుపెట్టాను, అటు వైపు ఎవరో ఒకరు పిలుస్తూనే ఉన్నారు, మాట మళ్లిపోయింది.

హనుమకొండ బోటనీ టీచర్, 2025 ఫిబ్రవరి

వెళ్లొచ్చాం. ఇంత సాయం చేసిన మీకు చెప్పకుండా ఉండలేను.

బోలే ఎయిర్‌పోర్టులో బయటికి రాగానే గుర్తుపట్టాను. గడ్డంలో తెల్ల వెంట్రుకలు వచ్చాయి, నడక మాత్రం అదే, కొంచెం ముందుకు వంగి. "బాగున్నారా మేడమ్" అని తెలుగులోనే అడిగాడు. మా అబ్బాయిని చూసి ఒక్క క్షణం ఆగి, డబ్బా పట్టుకున్నట్టు చెయ్యి పైకెత్తి చూపించాడు. వాడు నవ్వాడు. నాకు గొంతు పట్టేసింది.

పెళ్లికి రెండు రోజుల ముందు వాళ్ల పెద్దమ్మగారింట్లో కాఫీకి పిలిచారు. నేల మీద పచ్చగడ్డి పరిచారు, ఒకావిడ పచ్చి కాఫీ గింజలు మన ఎదురుగానే పెనం మీద వేయించి, ఆ పొగ అందరి దగ్గరికీ తెచ్చి చూపించి, దంచి, నల్లటి మట్టి కూజాలో కాచింది. మూడు సార్లు పోస్తారు, మొదటిది చిక్కగా, మూడోది పలచగా, మూడోదాన్ని బరక అంటారు, దీవెన అని అర్థమట. రెండోదానికీ మూడోదానికీ మధ్య మిగతావాళ్లు వంటింట్లోకి వెళ్లారు, మేమిద్దరమే ఉన్నాం. పద్మక్కా, మీ మాట దాటాను, ఇంకో అవకాశం దొరకదనిపించింది. చెప్పేశాను. "ఆ రోజు అత్తమ్మ ఒప్పుకోదన్నాను కదా, ఆమెను నేను అడగనే లేదు. భయపడింది నేనే."

అతను కాసేపు కప్పు వైపే చూశాడు. తర్వాత అన్నాడు, "నాకు తెలుసు మేడమ్." తను లాడ్జి నుంచి వేరే గదికి మారాక, నేను కాలేజీలో ఉన్నప్పుడు పుస్తకం ఇవ్వడానికి ఇంటికి వచ్చాడట, అవ్వ అన్నం పెట్టి "పైన గది ఖాళీగనే ఉంది కద బిడ్డా, ఆ లాడ్జిల పడి ఎందుకున్నవ్" అని అడిగిందట. ఆ తెలుగు అచ్చం అత్తమ్మ అన్నట్టే అన్నాడు. పదేళ్లుగా తెలుసు అతనికి.

కోపం వచ్చిందా అని అడిగాను. వచ్చింది అన్నాడు. "నెల రోజులు మీ ఇంటికి రాలేదు, మీరు పరీక్షలనుకున్నారు." మరి మళ్లీ ఎందుకొచ్చావంటే, ప్రాజెక్టు మీద సంతకం కావాలి కాబట్టి వచ్చానన్నాడు, ఆ రోజు అవ్వ సర్వపిండి చేసిందట, తినేసి ఇంకో రోజు కూడా వచ్చాడట. జగిత్యాల తమ్ముడూ, నేను ఏడవలేదు. క్షమించమని అడగలేదు, అతను క్షమించాననీ అనలేదు. అత్తమ్మకు ఈ సంగతి చెప్పావా అని మాత్రం అడిగాను. లేదన్నాడు. "చెబితే మీ ఇద్దరికీ గొడవ అవుతుంది కదా" అన్నాడు. మూడో కాఫీ వచ్చింది, తాగాం.

పెళ్లి రోజు పెళ్లికొడుకు వాళ్లు అమ్మాయి ఇంటికి వెళితే, ఆడపెళ్లివాళ్లు గుమ్మానికి అడ్డంగా నిలబడి "లోపలికి రానివ్వం" అంటూ పాటలు పాడారు, మన దగ్గర పేర్లు చెబితేనే వదులుతామని గుమ్మం దగ్గర ఆపినట్టే. అతని మేనమామ, 70 దాటినాయన, నా పక్కనే కూర్చుని చిన్నప్పుడు తనకు లెక్కలు చెప్పిన ఇండియా మాస్టారు గురించి ఇంగ్లీషులో చెబుతూనే ఉన్నాడు, చాక్‌పీసు అరిగి గోరంత అయ్యేదాకా పారేయనిచ్చేవాడు కాదట. జంట వరసగా పెద్దవాళ్ల దగ్గరికి వస్తోంది. ఆ అమ్మాయి ముందు వంగింది, తర్వాత అతను. మోకాలి మీద అతని నుదురు తగిలింది, ముద్దు పెట్టి లేవబోతుంటే నేను కొంగున కట్టుకున్న అక్షింతలు తీసి ఇద్దరి తల మీదా వేశాను. పసుపు బియ్యం ఆ అమ్మాయి తెల్లటి గౌను మడతల్లో పడ్డాయి, ఆమె ఏమీ అర్థంకాక అతని వైపు చూస్తే, అతను వాళ్ల భాషలో ఏదో చెప్పాడు. అందులో నాకు అర్థమైంది ఒక్క మాటే, "అవ్వ".

సకినాలు మొదటి రోజే అయిపోయాయి. దరీని ఆ పెద్దమ్మ కాఫీ పీట కింద వేసింది. మూడు కిలోల చపాటా కారం తీసుకెళ్తే, ఇందులో వాళ్ల మిరప కొంచెం కలిపి బెర్బెరె దంచుతామన్నారు, రంగు దీనిది, ఘాటు దానిది.

ఇప్పుడు ఇంకో సాయం కావాలి. ఆ అమ్మాయి సర్వపిండి నేర్చుకుంటానని రోజూ మెసేజ్ పెడుతోంది. అక్కడ మన లోతు గిన్నె లాంటిది లేదు, ఇంజెర కాల్చే వెడల్పు మట్టి పెనమే ఉంది. దాని మీద పిండి ఎంత మందంగా ఒత్తమనాలి, మూత పెట్టి ఎంతసేపు ఉంచమనాలి? అత్తమ్మ ఉంటే చిటికెలో చెప్పేది. మట్టి పెనం మీద చేసినవాళ్లు ఎవరైనా ఉంటే కొలతలతో సహా రాయండి, ఆదివారం వీడియో కాల్‌లో చేయిస్తానని మాటిచ్చాను.